బూజు గడ్డి, గడ్డకట్టని నెత్తురు

మీ పెద్దమ్మ రోజూ రాత్రి అన్నం తిన్నంక ఒక చిన్న గోలి ఏసుకుంటది, చూస్తనే ఉన్నరు గద. చిన్నతనంల కీళ్ళజ్వరం వచ్చి ఆమె గుండె వాల్వు పాడైతె, పట్నం తీస్కపోయి లోహంతోని చేసిన వాల్వు పెట్టిచ్చినం. దాని మీద నెత్తురు గడ్డకట్టొద్దని ఆ గోలి. నెలకోసారి పోయి నెత్తురు పరీక్ష చేయించుకోవాలె, నెత్తురు ఎంత ఆలస్యంగ గడ్డకడ్తుందో చెప్పే లెక్క, ఐ.ఎన్.ఆర్., ఎంతుందో చూస్తరు. ఆకుకూరలు ఒకనాడు కడుపునిండ తిని ఇంకోనాడు మానెయ్యొద్దు, రోజూ ఒక్క తీరుగ తినాలె అని డాక్టరు గట్టిగ చెప్పిండు. ఆ గోలి పేరు వార్ఫరిన్. అది మనుషుల దవాఖానల పుట్టలే. పశువులు చచ్చిన కొట్టాలల్ల, బూజు పట్టిన గడ్డివాములల్ల పుట్టింది.

వరి మళ్ళల్ల ఎలుకలకు పెట్టే ఎర ఉన్నది గద, బ్రోమడయోలోన్. తొంభై ఆరు పాళ్ళు నూకలు, రెండు పాళ్ళు నూనె, రెండు పాళ్ళు మందు కలిపి, పొట్లాలు కట్టి బొరియలల్ల పెడ్తరు. అది కూడ మీ పెద్దమ్మ గోలికి చుట్టమే. రెండిటి వంశం ఒక్కటే. ఆ వంశం కథ చెప్పాలంటె ఒక మనిషి కథ చెప్పాలె. పశువుల డాక్టరు, పాథాలజీ సారు, ఒక చెయ్యి ఒక కాలు పనిచెయ్యనోడు. నువ్వు రాజేంద్రనగర్ కాలేజికి పశువైద్యం చదువ పోతున్నవు గద బిడ్డా, ముఖ్యంగ నువ్వు ఇను. మిగితోళ్ళకు నిద్రొస్తె పోయి పండుండ్రి, నేనేమనుకోను.

నేను పాథాలజీ పట్టుకున్ననాడు మా నాయిన మనసు కష్టపెట్టుకున్నడు. "బతికున్న గొడ్డుకు సూదేసే డాక్టరువైతవనుకుంటె, చచ్చినదాన్ని కోసేటి డాక్టరువైతివా" అన్నడు. ఆయన తప్పేం లేదు. ఊర్ల బర్రె చచ్చిందంటె ఆ ఇంట్ల పిల్లల పాలు పోయినట్టు, అప్పు కిస్తు పోయినట్టు. చచ్చినంక వచ్చి కోసి చూసెటోడు ఆ ఇంటికి ఏం చేస్తడని వాళ్ళకుంటది. నేను ఊరవతల చెట్టు కింద గొడ్డును కోస్తుంటె దూరంగ నిలబడి చూసేటోళ్ళ కండ్లల్ల ఆ మాటే కనపడుతుండె. దానికి జవాబు నోటితోని చెప్పేది కాదు. ఆ కొట్టంల మిగిలిన గొడ్లు బతికితె అదే జవాబు.

మొదటి వానలు పడంగనె మన దిక్కు ఏ రోగాలొస్తయో మీకు ఎరుకే. ఒకటి గొంతువాపు. గొంతు కింద వాపు, గురక, ఒళ్ళు కాలిపోయే జ్వరం, ఒక్క దినంల ప్రాణం పోతది. ఇంకోటి జబ్బవాపు. మంచిగ బలిసిన పడుచు గొడ్డుకే వస్తది, తొడమీదనో జబ్బమీదనో వాపు, ఒత్తితె లోపట చిటపట అంటది. రెండూ సూక్ష్మజీవులతోని వచ్చేటియే, రెండిటికీ వానలకు ముందే టీకాలు ఏపించుకోవాలె. ఇది మనసుల పెట్టుకోండ్రి. ఎందుకంటె ఇప్పుడు నేను చెప్పబోయే రోగం గీ రెండిటి ఏషం ఏసుకొని వచ్చింది.

1920ల మొదట్ల కెనడాల, దాని పక్కనున్న అమెరికా ఉత్తరపు రాష్ట్రాలల్ల గొడ్లు చచ్చుడు మొదలైంది. నిన్నటిదాక మంచిగ మేసిన గొడ్డు తెల్లారెసరికి కుంటుతుండె. తోలు కింద పెద్ద పెద్ద వాపులు. కోస్తె లోపటంత నెత్తురే. కొమ్ములు కోసినా, కోడెలను ఎద్దులు చేసేటందుకు కోత పెట్టినా నెత్తురు ఆగకపోతుండె, కారీ కారీ చచ్చిపోతుండె. పైకి చూస్తె గొంతువాపు అనిపిస్తది, జబ్బవాపు అనిపిస్తది. జ్వరం మాత్రం లేదు. వాపు ఒత్తితె చిటపట లేదు. ఒక కొట్టంల పది చస్తె పక్క కొట్టంల ఒక్కటి కూడ చావకపోతుండె. అంటురోగమైతె గట్ల ఆగుతదా?

అప్పుడు ఒంటారియో పశువైద్య కాలేజిల ఫ్రాంక్ స్కోఫీల్డ్ అని ఒకాయన ఉండె. ఇంగ్లండుల రగ్బీ అనే ఊర్ల 1889ల పుట్టిండు. పుట్టిన కొన్నాళ్ళకే తల్లి పోయింది. పద్దెనిమిదేండ్లకు, 1907ల, ఒక్కడే కెనడాకు పోయి, పరాయి వాళ్ళ పొలాలల్ల జీతముండి, ఆ పైసలు కూడబెట్టుకొని పశువైద్య కాలేజిల చేరిండు. చదువు నడుస్తుండంగనె పోలియో వచ్చింది. ఎడమ చెయ్యి, కుడి కాలు పడిపోయినయ్. చేతికర్ర పట్టుకొని నడుసుడు అప్పట్నుంచి. అయినా చదువు ఆపలేదు, పాలల్ల ఉండే సూక్ష్మజీవుల మీద పరిశోధన చేసి 1911ల డాక్టరేటు తీసుకున్నడు. నేను కాలేజిల చేరినప్పుడు ఈ సంగతులేవీ తెల్వవు. మా సారు పాఠంల ఆయన పేరు, గడ్డి సంగతి మాత్రమే చెప్పిండు. మిగిలింది తర్వాత నేనే ఎదికి చదువుకున్న. చదివినంక ఆ మనిషి మీద నాకు పుట్టిన గౌరవం ఇప్పటిదాక తగ్గలేదు.

ఆయన 1916ల కొరియాకు పోయిండు. సియోల్ పట్నంల మిషనరీలు నడిపే సెవరెన్స్ వైద్య కాలేజిల సూక్ష్మజీవశాస్త్రం చెప్పేటందుకు. ఆ దేశం అప్పుడు జపాను చేతుల ఉన్నది. పోయినోడు వాళ్ళ భాష నేర్చుకున్నడు, కొరియా పేరు కూడ ఒకటి పెట్టుకున్నడు, సొక్ హో పిల్ అని. మూడేండ్లకు, 1919 మార్చి 1న, ఆ దేశపోళ్ళు స్వాతంత్ర్యం కావాలని లేచిన్రు. ముప్పై ముగ్గురు పెద్దమనుషులు ప్రకటన మీద సంతకాలు పెట్టిన్రు. వీధులల్ల జనం నిండిపోయిన్రు. మన దగ్గర జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగింది కూడ ఆ ఏడాది ఏప్రిల్‌లనే, యాదికున్నదా? స్కోఫీల్డ్ కెమెరా పట్టుకొని ఆ జనం నడుమకు పోయి ఫొటోలు తీసిండు. ఇయ్యాల కొరియా బడిపుస్తకాలల్ల పిల్లలు ఆ ఉద్యమాన్ని చూస్తున్నరంటె ఆ ఒంటిచేతి మనిషి తీసిన బొమ్మలు దాంట్ల ఉన్నయ్.

ఏప్రిల్ 15న జేయమ్‌రి అనే చిన్న ఊర్ల జపాను సిపాయిలు మగోళ్ళను చర్చిలకు పిలిచి, తలుపులు మూసి, తుపాకులు పేల్చి, నిప్పు పెట్టిన్రు. ఇరవై మందికి పైనే చచ్చిపోయిన్రు. సంగతి తెల్వంగనె స్కోఫీల్డ్ రైలెక్కి సువోన్ దాక పోయిండు, సైకిలు ఎంబడి తీస్కపోయిండు. అక్కడ్నుంచి ఆ ఊరికి సైకిలు మీద. ఒక కాలు పడిపోయిన మనిషి, పోలీసుల కన్నుగప్పి, మట్టి తొవ్వల సైకిలు తొక్కుకుంట పోయిండంటె ఆలోచన చేయి బిడ్డా. పోయి, కాలిన చర్చిని చూసిండు, బతికి బయటపడ్డోళ్ళతోని మాట్లాడిండు, ఫొటోలు తీసిండు, ఏం జరిగిందో ఉన్నది ఉన్నట్టు రాసి బయటి దేశాలకు పంపిండు. జైల్లల్ల ఉన్నోళ్ళను పోయి చూసిండు, వాళ్ళ ఒంటి మీద దెబ్బల సంగతి రాసిండు. మరుసటి ఏడు కెనడాకు తిరిగి పోయిండు.

నేను ఈ కొరియా ముచ్చట ఎందుకు చెప్పిన్నంటె, తర్వాత చేసిన గడ్డి పని కూడ ఆ మనిషి అదే తీరుగ చేసిండు. చావు ఎక్కడ జరిగిందో అక్కడికే పోవుడు. మిగిలినోళ్ళను అడుగుడు. కండ్లతోని చూసింది కాయితం మీద పెట్టుడు. పాథాలజీ అంటె కత్తి, మైక్రోస్కోపు అనుకుంటరు. అవి తర్వాతి సంగతి.

ఒంటారియోల ఆ గొడ్లు ఏం తింటున్నయో చూసిండు స్కోఫీల్డ్. స్వీట్ క్లోవర్ అని ఒక మేత మొక్క, మన లూసర్న్, బర్సీం, మెంతికూర వీటన్నిటికీ దగ్గరి జాతి. బీద నేలలల్ల కూడ మంచిగ వస్తదని అక్కడి రైతులు బాగ ఏస్తుండిరి. కోసి ఎండబెట్టి వాములేసుకొని చలికాలమంత గొడ్లకు ఏస్తరు. మంచి వాసన. ఆ వాసన దాంట్ల ఉండే కూమరిన్ అనే పదార్థానిది. ఎండబెట్టేటప్పుడు కాలం మంచిగుంటె ఏ బాధ లేదు. కాలం చెమ్మగ ఉండి గడ్డి సరిగ ఎండకపోతె లోపల బూజు పడ్తది. అంతకుముందైతె బూజు పట్టిన గడ్డిని పారేస్తుండిరి. కని అప్పుడు రోజులు కష్టంగున్నయ్, పంట ధరలు పడిపోయినయ్, ఇంకో మేత కొనేటందుకు పైసల్లేవు. ఉన్నదే ఏసిన్రు. మన దగ్గర కరువేండ్లల్ల తడిసిన గడ్డి ఏసిన చేతులు కూడ అసొంటియే, నేను చాన చూసిన. ఆ రైతును తిట్టే హక్కు నాకు గని ఇంకొకరికి గని లేదు.

ఇగ స్కోఫీల్డ్ ఏం చేసిండో ఇను. ఒక్క వామిలకెళ్ళే గడ్డి తీసిండు. దాంట్ల మంచి కాడలు ఒక దిక్కు, చెడిపోయిన కాడలు ఇంకో దిక్కు ఏరి పెట్టిండు. మంచియి ఒక కుందేలుకు పెట్టిండు, చెడిపోయినయి ఇంకో కుందేలుకు పెట్టిండు. మంచి కాడలు తిన్న కుందేలు మంచిగనే ఉన్నది. రెండోది లోపట నెత్తురు కారి చచ్చిపోయింది. గంతే పరీక్ష.

మా సారు దీన్ని చెప్పినప్పుడు క్లాసుల చానమంది గిది పెద్ద సంగతా అనుకున్నరు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలే. ఒక్క వామి అనే మాట చూడు. వేరే చేను గడ్డి, వేరే ఊరి గడ్డి తెచ్చి పెడితె తేడా దేనివల్లనో ఎట్ల చెప్తవు? నేల తేడా కావచ్చు, కోసిన దినం తేడా కావచ్చు, మొక్క రకం తేడా కావచ్చు. ఒక్క వామిలనె మంచి, చెడు వేరు చేసిండంటె మొక్కది తప్పు కాదు, చేనుది తప్పు కాదు, చెడిపోవుడుతోనే వచ్చిందని తేలిపోయింది. సూక్ష్మజీవి కూడ కాదని తేలిపోయింది. గడ్డి మార్చు, గొడ్డు బతుకుతది. మరీ నెత్తురు పోయిన గొడ్డుకు మంచి గొడ్డు నెత్తురు ఎక్కిస్తె నిలబడ్తదని కూడ ఆ రోజులల్లనె తెలుసుకున్నరు. ఆ ముచ్చటను ఆయన 1922లనె రాసిండు, 1924ల అమెరికా పశువైద్యుల పత్రికల మళ్ళ వివరంగ రాసిండు. పాడైన స్వీట్ క్లోవర్ వల్ల వచ్చే ఈ కొత్త రోగం గొంతువాపు, జబ్బవాపుల తీరుగ కనపడ్తదని ఆ వ్యాసం పేరులనే ఉన్నది. అందుకే ఆ రెండూ మనసుల పెట్టుకొమ్మన్న.

ఇగ నెత్తురు సంగతి. మంచి నెత్తురు గాజు గొట్టంల పోసి పక్కకు పెడితె, పాలు తోడుకున్నట్టు కాసేపటికి గట్టిపడ్తది. మనిషిదైన గొడ్డుదైన ఇరవై నిమిషాలల్ల గట్టిపడాలె. పడలేదంటె లోపల ఏదో పెద్ద తప్పున్నట్టు. రక్తపింజర కరిచినోళ్ళను దవాఖానకు తెస్తె ఇప్పటికీ మొదలు చేసేది గిదే పరీక్ష, గాజు గొట్టంల నెత్తురు పోసి ఇరవై నిమిషాలు కదిలియ్యకుంట పెట్టి, వంచి చూస్తరు. కరెంటు అక్కర్లేదు, మిషిని అక్కర్లేదు. నేను ఊర్లల్లకు పోయినప్పుడు సంచిల ఏం మర్చినా రెండు గాజు గొట్టాలు మాత్రం మరువలే. ప్లాస్టిక్కుది పనికిరాదు, గాజుదే ఉండాలె, శుభ్రంగ ఉండాలె, సబ్బు మరక కూడ ఉండొద్దు. నువ్వు కూడ పెట్టుకో.

అసలు గడ్డకట్టుడు ఎక్కడ ఆగిపోయిందో స్కోఫీల్డ్ తర్వాత ఇంకొకాయన పట్టుకున్నడు. అమెరికాల నార్త్ డకోటా రాష్ట్రంల లీ రోడరిక్ అనే పశువైద్యుడు. 1929 నుంచి ఆయన చూసింది ఏందంటె, ఆ గొడ్ల నెత్తుర్ల ప్రోథ్రాంబిన్ పని చేస్తలేదని. కార్జంల తయారయ్యే ప్రోటీన్ అది, అది లేకుంటె గడ్డ పుట్టదు. అంటె గడ్డిల ఉన్న విషం నెత్తురును సక్కగ కొడ్తలేదు, కార్జంల తయారయ్యే సరుకును ఆపుతుంది. అందుకే తిన్ననాడే ఏమీ కాదు. ఉన్న సరుకు అయిపోయేదాక గొడ్డు మంచిగనే కనపడ్తది. రెండు మూడు వారాలు తిన్నంక ఒక్కసారి పడ్తది. రైతు ఏమంటడు? "ఈ గడ్డి ఇన్ని రోజుల్నుంచి ఏస్తనే ఉన్న సారూ, దీంతోని అయితే మొన్ననే చావాలె గద." ఆ మాట ఎన్నిసార్లు ఇన్ననో. రైతు అబద్ధం చెప్తలేడు. కాలం లెక్క మనకు తెలిసుండాలె.

అమెరికాలనె విస్కాన్సిన్ రాష్ట్రపు రైతు ఎడ్ కార్ల్‌సన్ మనసుల కూడ గదే ఉండె. డీర్ పార్క్ ఆయన ఊరు. 1933 ఫిబ్రవరిల ఒక శనివారం, మంచు తుఫాను కొడ్తుంటె, చచ్చిపోయిన పెయ్యను, ఒక పాల డబ్బా నిండ గడ్డకట్టని నెత్తురును, దగ్గర దగ్గర నూరు పౌన్ల పాడైన గడ్డిని బండిల ఏసుకొని మాడిసన్ పట్నానికి పోయిండు. మూడు వందల కిలోమీటర్లకు పైనే తొవ్వ. పశువుల సర్కారు డాక్టరు ఆఫీసు మూసున్నది. తలుపులు తెరిచి ఉన్నది యూనివర్సిటీల కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాల. రైతు లోపటికి పోయి ఆ నెత్తురు డబ్బా, ఆ గడ్డి ఆయన ముందర పెట్టిండు. లింక్ చెప్పగలిగింది ఒక్కటే, గడ్డి మార్చు, వీలైతె నెత్తురు ఎక్కియ్యి. అప్పటికి స్కోఫీల్డ్, రోడరిక్ తేల్చింది అంతే. ఆ రైతు మళ్ళ అదే తుఫానుల ఇంటికి తిరిగి పోయిండు. లింక్ శిష్యుడు షోఫెల్ ఆ నెత్తురులనె చేతులు ముంచి కూసున్నడంటరు, ఆ రాత్రే పని మొదలు పెట్టిన్రు.

విషం దొరికేదాక ఆరేండ్లు పట్టింది. 1939ల హరాల్డ్ క్యాంబెల్ అనే శిష్యుడు ఆ పదార్థాన్ని పలుకులు పలుకులుగ వేరు చేసిండు. మరుసటి ఏడు దాని కట్టుబడి తేల్చిన్రు, డైకూమరాల్ అన్నరు. మంచి గడ్డిల వాసననిచ్చే కూమరినే బూజు చేతుల పడి, మారి, రెండు ముక్కలు కలిసి ఒక్కటై ఈ విషమైతది. వాసననిచ్చే కూమరిన్‌ల ఈ గుణం లేదు.

దీన్ని తిప్పికొట్టే మందు కూడ గొడ్ల కొట్టంలనె దొరికిందని చెప్తె నమ్ముతరా? కొట్టం కాదు, కోళ్ళ గూడు. డెన్మార్కుల కోపెన్‌హాగెన్ పట్నంల హెన్రిక్ డామ్ అనే ఆయన 1929ల కోడిపిల్లలకు కొవ్వు లేని దాణా పెట్టి చూస్తుంటె, వాటి తోలు కింద నెత్తురు కారుతుండె. దాణాల ఏదో కొత్త విటమిన్ లేదని తేల్చి దానికి కె అని పేరు పెట్టిండు. 1943 నోబెల్ బహుమానం దానికే వచ్చింది. ఆ కె విటమిన్ లేకుంటె కార్జం గడ్డకట్టే సరుకు తయారు చెయ్యలేదు. డైకూమరాల్ చేసేది ఆ కె విటమిన్ పని ఆపుడే. ఆకుకూరలల్ల కె విటమిన్ మస్తుగుంటది, అందుకే మీ పెద్దమ్మకు ఆకుకూరల మాట అంత గట్టిగ చెప్పింది. పాలకూర పప్పు చేసినప్పుడు ఆమెకు ఒక గంటె ఎక్కువ ఏసేటోళ్ళు ఇది యాదిపెట్టుకోండ్రి.

లింక్ మనుషులు ఆ వంశంల ఎన్నో తయారు చేసి చూసిన్రు. దాంట్ల ఒకటి ఎలుకలకు మంచిగ పనిచేసింది. ఆ పరిశోధనకు పైసలిచ్చిన విస్కాన్సిన్ సంస్థ పేరు పొడి అక్షరాలల్ల వార్ఫ్, దానికి కూమరిన్ తోక కలిపి వార్ఫరిన్ అన్నరు. 1948ల ఎలుకల మందుగ బజారుకు వచ్చింది. 1951ల ఒక అమెరికా సైన్యపు పిలగాడు చావాలని ఆ ఎలుకల మందు తిన్నడు. దవాఖానల కె విటమిన్ ఇచ్చి బతికిచ్చిన్రు, పూర్తిగ కోలుకున్నడు. మనిషికి కూడ దీన్ని జాగ్రత్తగ ఇయ్యవచ్చునన్న ధైర్యం వచ్చింది. 1954ల మనుషుల మందుగ ఒప్పుకున్నరు. 1955ల ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చినప్పుడు ఆయనకు ఇచ్చిన మందులల్ల అదొకటి.

ఇగ నా ముచ్చట ఒకటి చెప్త. ఒక ఊర్ల రెండిండ్ల నడుమ గెట్టు పంచాయితి నడుస్తుండె, మాటలు లేవు. ఒక ఇంట్ల పెంపుడు కుక్క చచ్చింది. పక్కోళ్ళే పురుగుల మందు గులికలు పెట్టి చంపిన్రని ఆ ఇంటాయన పోలీసు ఠాణాకు పోయిండు. రెండు దిక్కులా మనుషులు కట్టెలు పట్టుకొని ఉన్నరు. కుక్కను నా దగ్గరికి తెచ్చిన్రు. గులికలు తింటె నోట్ల నురుగు వస్తది, ఒళ్ళు కొట్టుకుంటది, కొన్ని గంటలల్లనె పోతది. ఈ కుక్క రెండు దినాలు నీర్సంగ పండుకొని, దమ్ము ఆడక చచ్చిందని ఇంట్లోళ్ళే చెప్పిన్రు. చిగుళ్ళు తెల్లగ పాలిపోయి ఉన్నయ్. రొమ్ము తెరిస్తె లోపటంత నెత్తురు, గడ్డ లేదు. నేను ఇంకేం చూడకముందు అడిగింది ఒక్కటే, అది ఈ పది దినాలల్ల ఎక్కడెక్కడ తిరిగింది, ఏం తిన్నది? కాసేపు ఎవరూ మాట్లాడలే. మెల్లగ ఆ ఇంట్ల చిన్న పిల్ల చెప్పింది, నాయిన పొలంల ఎలుకల మందు పెట్టినంక కుక్క రోజూ పొలంల ఎలుకలు పట్టుకొని తింటుండె అని. ఎర తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు దినాలు మత్తుగ తిరుగుతది, కుక్కకు సులువుగ దొరుకుతది.

చూసింది చూసినట్టు రాసిచ్చిన. ఆ ఇంటాయనకు మొదలు నచ్చలే. తన చేతి మందే తన కుక్కను తిన్నదంటె ఎవరికి నచ్చుతది? కని కట్టెలు దిగినయ్. పక్కింటోళ్ళ కుక్క కూడ అవే పొలాలల్ల తిరిగేది, అది అప్పటికే నీర్సంగున్నది. దాని నెత్తురు గాజు గొట్టంల పోసి చూస్తె ఇరవై నిమిషాలు దాటినా నీళ్ళే. కె విటమిన్ సూదులు మొదలు పెట్టి, తర్వాత గోలీలు నాలుగు వారాలు ఇప్పిచ్చిన. బ్రోమడయోలోన్ వార్ఫరిన్ కంటె మొండిది, ఒంట్ల చాన రోజులుంటది, వారానికే ఆపితె మళ్ళ నెత్తురు కారుతది. ఆ కుక్క బతికింది. చచ్చిన కుక్క ఇంటాయనే గోలీల కోసం పట్నం పోయి తెచ్చిచ్చిండు.

బూజు ముచ్చట మన దిక్కు ఎక్కువగ ఎక్కడుంటదో తెలుసా, వేరుశనగ చెక్కల. 1960ల ఇంగ్లండుల లక్షకు దగ్గర టర్కీ కోళ్ళు ఒక్క సారే చచ్చిపోయినయ్, బ్రెజిల్ నుంచి తెచ్చిన వేరుశనగ పిండిల బూజు విషం ఉండె. దాన్నే అఫ్లటాక్సిన్ అంటరు, అది కూడ కొట్టేది కార్జాన్నే. చెక్కను కింద చెమ్మల పెట్టొద్దని కోళ్ళోళ్ళకు, పాడోళ్ళకు చెప్పీ చెప్పీ నా గొంతు పోయింది. కరెక్టుగ ఎండబెట్టి, కింద కట్టె పలకలేసి పెట్టుకుంటె చాలు. ఆ పలకలు కొన్నా ఖర్చు పెద్దది కాదు.

స్కోఫీల్డ్ గడ్డితోనే ఆగలేదు. ఆ కాలేజి 1922ల గ్వెల్ఫ్ అనే ఊరికి మారితె అక్కడే పాథాలజీ చెప్పుకుంట 1955 దాక ఉన్నడు. 1949ల మింక్ అనే బొచ్చు జంతువుల్ల ఒక కొత్త పేగు రోగాన్ని గురించి రాసిండు, అది వైరస్‌తో వస్తదని. అది పార్వో కుటుంబానిది. నువ్వు రేపు దవాఖానల కూసుంటె నీ ముందర రోజూ తెచ్చి పెట్టేది పార్వో వచ్చిన కుక్కపిల్లలే, వాంతులు, నెత్తురు విరేచనాలు, తెల్ల కణాలు పడిపోయి. కుక్కలకు అది 1978 చుట్టుముట్టు కొత్తగ వచ్చింది. దాని చుట్టాల సంగతి ముప్పై ఏండ్ల ముందే ఆయన రాసిపెట్టిండు.

రిటైరైనంక ఇంట్ల కూసోలే. 1958ల కొరియా సర్కారు పిలిస్తె మళ్ళ పోయిండు. అప్పటికి ఆ దేశం జపాను చేతులకెళ్ళి బయటపడి, యుద్ధంల కాలి, బీదరికంల ఉన్నది. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంల పశువైద్య పిల్లలకు పాథాలజీ చెప్పిండు. అనాథ పిల్లలను చూసుకునేటోళ్ళకు సాయం చేసిండు, ఫీజు కట్టలేని పిల్లలను చదివిచ్చిండు. ఆ దేశపోళ్ళు ఆయనను ముప్పై నాల్గో మనిషి అంటరు, ఆ ప్రకటన మీద సంతకం పెట్టిన ముప్పై ముగ్గురి తర్వాత. 1970ల సియోల్‌లనె పోయిండు, అక్కడి జాతీయ శ్మశానంల దేశం కోసం కొట్లాడినోళ్ళ పక్కనే పెట్టిన్రు. ఆయన చదువుకు సాయం చేసిన పిల్లలల్ల చంగ్ ఉన్ చన్ అని ఒకాయన 2009ల ఆ దేశానికి ప్రధానమంత్రి అయ్యిండు.